వడ్రంగి, కాపరి, కోశాధికారి, బడిపంతులు: ఫ్రాన్సిస్ కార్డోజో జీవితం

ఒక కాపరి ప్రసంగ పీఠం విడిచి బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్తే మన సంఘాల్లో సాధారణంగా ఒక మాట వినిపిస్తుంది: "పాపం, సేవ వదిలేశాడు." అదే కాపరి ప్రభుత్వ పదవిలోకి వెళ్తే ఆ మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది: "లోకంలో కలిసిపోయాడు." ఆ పదవిలో ఉండగా ఆయన మీద అవినీతి కేసు పడి, జైలుకు కూడా వెళ్తే ఇక ఆయన పేరు ఎత్తడానికే మనం ఇష్టపడం.

ఈ మూడూ జరిగిన ఒక దైవసేవకుని గురించి ఈ వారం చెప్పుకొందాం. ఆయన పేరు ఫ్రాన్సిస్ లూయిస్ కార్డోజో. అమెరికాలో బానిసత్వం రద్దయిన రోజుల్లో సౌత్ కరోలినా రాష్ట్రంలో పనిచేశాడు. ఆ దేశంలో రాష్ట్రమంతటి ఓట్లతో ఒక రాష్ట్ర పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతీయుడు ఆయనే. పాఠశాల స్థాపకుడు, రాజ్యాంగ రచనలో భాగస్వామి, రాష్ట్ర ఖజానాకు కాపలాదారు, చివరికి మళ్లీ బడిపంతులు. మన దగ్గర ఆయన పేరు పెద్దగా వినబడదు. కాని పరిచర్య అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆయన జీవితం ఇచ్చే జవాబు మన సంఘాలు వినవలసినదని మేము అనుకొంటున్నాము.

చదువు నేరమైన ఊరు

కార్డోజో 1836లో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తల్లి లిడియా వెస్టన్ స్వతంత్రురాలైన నల్లజాతి స్త్రీ. తండ్రి ఐజాక్ కార్డోజో యూదుడు, రేవులోని కస్టమ్స్ కార్యాలయంలో ఉద్యోగి. తల్లి స్వతంత్రురాలు కాబట్టి పిల్లవాడూ స్వతంత్రుడే. కాని ఆ స్వాతంత్ర్యం ఎంత సన్ననిదో తెలియాలంటే అప్పటి చట్టాలు చూడాలి.

బానిసలకు రాయడం నేర్పకూడదని సౌత్ కరోలినా 1740లోనే చట్టం చేసింది. అంతకు ముందటి సంవత్సరం స్టోనో నది దగ్గర బానిసలు తిరుగుబాటు చేశారు. ఆ భయంతో పుట్టిన చట్టమది. 1834లో మరో చట్టం వచ్చింది. బానిసలకు చదవడం నేర్పడం కూడా నేరమే అన్నది. స్వతంత్రులైన నల్లజాతివారు నడిపే చిన్న చిన్న బడుల మీదా ఆంక్షలు పెట్టింది. చార్ల్‌స్టన్‌లో డేనియల్ పెయిన్ అనే యువకుడు అటువంటి బడి నడిపేవాడు. ఈ చట్టం దెబ్బకు 1835లో ఆ బడి మూతపడింది. ఆ యువకుడు ఊరు విడిచి ఉత్తరానికి వెళ్లిపోయి, తరువాతి కాలంలో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘంలో పేరుపొందిన బిషప్ అయ్యాడు. పెయిన్ బడి మూతపడిన మరుసటి ఏడే అదే ఊళ్లో కార్డోజో పుట్టాడు.

యజమానులు చదువును ఎందుకు అంతగా భయపడ్డారు? బానిసకు అక్షరం వస్తే తనంతట తానే బైబిలు చదువుకొంటాడు. నిర్గమకాండం తెరిచి, ఫరో చేతిలోనుండి ఇశ్రాయేలీయులు ఎలా విడుదల పొందారో తెలుసుకొంటాడు. "యజమానికి లోబడి ఉండు" అని మాత్రమే వినిపించే ప్రసంగం ఆ తరువాత వాడి చెవికి ఎక్కదు. పైగా రాయడం వస్తే, ఊరు దాటడానికి యజమాని ఇచ్చే అనుమతి చీటీ తానే రాసుకోగలడు. అందుకే అక్షరానికి అంత కాపలా.

అయినా స్వతంత్ర కుటుంబాల పిల్లలకు ఎక్కడో ఒకచోట చదువు దొరికేది. కార్డోజో పన్నెండేళ్ల వరకు బడికి వెళ్లాడు. తరువాత వడ్రంగం నేర్చుకోవడానికి కుదిరాడు. ఐదేళ్లు పని నేర్చుకొని, మరో నాలుగేళ్లు కూలికి వడ్రంగం చేశాడు. ఉలి, రంపం, చిత్రిక చేతబట్టిన ఆ తొమ్మిదేళ్లలో ఆయన మనసులో ఉన్నది ఒక్కటే: సువార్త సేవకు సిద్ధపడాలి. అందుకు చదవాలి.

సముద్రం దాటిన చదువు

పుట్టిన రాష్ట్రంలో ఆయనకు కళాశాల తలుపు తెరిచేవారు లేరు. అందుకని 1858లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఓడెక్కి స్కాట్లండ్ వెళ్లి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరాడు. లాటిన్, గ్రీకు భాషల్లో బహుమతులు గెలిచాడు. చార్ల్‌స్టన్‌లో బల్లలు, తలుపులు చేసిన చేతులతో గ్రీకు వ్యాకరణం రాశాడు. తరువాత ఎడిన్‌బరోలోను లండన్‌లోను వేదాంత విద్య అభ్యసించాడు.

ఆయన అక్కడ చదువుతుండగానే స్వదేశం రెండుగా చీలింది. 1861లో అంతర్యుద్ధం మొదలైంది. మొదటి ఫిరంగి పేలింది కూడా ఆయన పుట్టిన ఊరి రేవులోనే, ఫోర్ట్ సమ్టర్ మీద. 1864లో ఆయన అమెరికాకు తిరిగి వచ్చి, కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ పట్టణంలో టెంపుల్ స్ట్రీట్ కాంగ్రిగేషనల్ సంఘానికి కాపరి అయ్యాడు. అదే ఏడు కేథరిన్ హోవెల్‌ను వివాహం చేసుకొన్నాడు.

ఆ సంఘానికి మంచి చరిత్ర ఉంది. దాన్ని మొదట నడిపించిన సిమియన్ జోస్లిన్ బానిసత్వానికి వ్యతిరేకంగా పాటుపడిన శ్వేతజాతి దైవసేవకుడు. 1839లో ఆమిస్టాడ్ అనే ఓడలో బందీలుగా ఉన్న ఆఫ్రికన్లు తిరగబడి, చివరికి న్యూ హేవెన్ జైలులో పడినప్పుడు వారి పక్షాన నిలబడినవారిలో జోస్లిన్ ఒకడు. ఆ కేసు కోసం ఏర్పడిన కమిటీ నుండే 1846లో అమెరికన్ మిషనరీ అసోసియేషన్ పుట్టింది. కార్డోజోను ప్రసంగ పీఠం నుండి బడికి పిలిచింది ఈ సంస్థే.

పీఠం నుండి పలక దగ్గరికి

1865లో యుద్ధం ముగిసింది. దక్షిణాదిలో సుమారు నలభై లక్షల మంది బానిసలు విడుదల పొందారు. వారిలో చాలామందికి అక్షరం రాదు. నిన్నటివరకు చట్టమే వారిని చదువుకు దూరంగా ఉంచింది. ఇప్పుడు ముసలివారు, పిల్లలు, తల్లులు ఒకే బల్ల మీద కూర్చొని అక్షరమాల చదివే రోజులు వచ్చాయి. అమెరికన్ మిషనరీ అసోసియేషన్ వందలాది ఉపాధ్యాయులను దక్షిణాదికి పంపింది.

చార్ల్‌స్టన్‌లో ఆ సంస్థ బడికి మొదట అధిపతిగా వెళ్లినవాడు ఫ్రాన్సిస్ తమ్ముడు థామస్ కార్డోజో. అతని పూర్వపు నడవడి గురించి ఆరోపణ రావడంతో సంస్థ అతన్ని తప్పించి, ఆ స్థానంలోకి అన్నను పిలిచింది. కాపరిగా ఏడాది తిరిగేసరికి ఫ్రాన్సిస్ న్యూ హేవెన్ సంఘాన్ని విడిచి, తాను పుట్టిన ఊరికి బడిపంతులుగా వెళ్లాడు.

ఉత్తరాదిలో ఆయనకు గౌరవమైన పీఠం ఉంది, భద్రత ఉంది. దక్షిణాదిలో కాలి కూలిన పట్టణం, ఓడిపోయి కోపంతో ఉన్న పాత యజమానులు. అయినా ఎందుకు వెళ్లాడు? తనను పంపిన సంస్థకు రాసిన ఉత్తరాల్లో ఆయన ఉద్దేశం స్పష్టంగా ఉంది. అక్షరాలు నేర్పే బడి ఒక్కటే చాలదు. ఉపాధ్యాయులను తయారుచేసే పాఠశాల కావాలి. ఉత్తరాది నుండి వచ్చిన ఉపాధ్యాయులు ఎన్నాళ్లుంటారు? కొన్నేళ్లకు వెళ్లిపోతారు. అప్పుడు ఈ ప్రజలకు వీరిలోనుండే బోధకులు లేవాలి. తాను దక్షిణానికి వచ్చిందే అందుకని ఆయన రాశాడు.

ఆ ఏడు శరదృతువులో మొదలైన బడిలో త్వరలోనే సుమారు వెయ్యిమంది చేరారు. ఉపాధ్యాయుల్లో తెల్లవారూ ఉన్నారు, నల్లవారూ ఉన్నారు. స్థానికులూ ఉన్నారు, ఉత్తరాది నుండి వచ్చినవారూ ఉన్నారు. బడికి సొంత గూడు మాత్రం లేదు. మొదట నడిపిన భవనాన్ని పట్టణ అధికారులు తిరిగి తీసుకొన్నారు. వేరే చోటికి మారవలసి వచ్చింది. సొంత భవనం కోసం కార్డోజో ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. పిట్స్‌బర్గ్‌కు చెందిన చార్ల్స్ ఏవరీ అనే మెథడిస్టు బోధకుడు, పత్తి వ్యాపారి, చనిపోతూ నల్లజాతివారి విద్యకోసం ఆస్తి విడిచి వెళ్లాడు. ఆ నిధి నుండి పది వేల డాలర్లు వచ్చాయి. విడుదలైన బానిసల సంక్షేమానికి కేంద్ర ప్రభుత్వం ఏర్పరచిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కూడా సాయం చేసింది. బుల్ స్ట్రీట్‌లో కట్టిన కొత్త భవనాన్ని 1868లో ప్రతిష్ఠించారు. ఏవరీ నార్మల్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. బానిసల చెమటతో పండిన పత్తి వల్ల కూడిన డబ్బు, ఆ బానిసల పిల్లలకు చదువు చెప్పే గోడలుగా లేచింది.

"అధికారం వారికి మళ్లీ వస్తుంది"

భవనం పూర్తయ్యే లోపే మరో పిలుపు వచ్చింది. దక్షిణాది రాష్ట్రాలు కొత్త రాజ్యాంగాలు రాసుకోవాలని, ఆ సభల సభ్యుల ఎన్నికలో నల్లజాతి పురుషులకూ ఓటు ఉండాలని 1867లో అమెరికా కాంగ్రెస్ ఆదేశించింది. 1868 జనవరిలో చార్ల్‌స్టన్‌లో కూడిన సౌత్ కరోలినా రాజ్యాంగ సభలో సగానికి పైగా సభ్యులు నల్లజాతివారే. వారిలో చాలామంది మూడేళ్ల కిందటివరకు బానిసలు. యుద్ధకాలంలో శత్రువుల ఓడనే నడిపించుకొని విడుదలైన రాబర్ట్ స్మాల్స్ వారిలో ఒకడు. విద్యా కమిటీకి అధ్యక్షుడిగా ఎన్నుకొన్నది కార్డోజోను.

కమిటీ తెచ్చిన ప్రతిపాదనలు ఆ రాష్ట్రం ఎన్నడూ విననివి. రాష్ట్రంలోని పిల్లలందరికీ ఉచిత బడులు ఉండాలి. ప్రజల డబ్బుతో నడిచే ఏ బడీ, ఏ కళాశాలా జాతిని బట్టిగాని రంగును బట్టిగాని ఎవరినీ వెలుపల ఉంచకూడదు. ఆరేళ్ల నుండి పదహారేళ్ల లోపు పిల్లలు కనీసం ఇరవై నాలుగు నెలలపాటు తప్పనిసరిగా చదువుకోవాలి.

తెల్లవారూ నల్లవారూ ఒకే బల్ల మీద కూర్చోవాలా అని సభలో కొందరు గాబరాపడ్డారు. కార్డోజో జవాబు నిదానంగా ఉంది. ఎవరినీ బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టమని మేము అడగడం లేదు. ఊళ్లో రెండు బడులుంటే ఎవరికి ఇష్టమైన బడికి వారు వెళ్లవచ్చు. కాని ఒక్క బడే ఉన్న చోట దాని తలుపు ఏ బిడ్డకూ మూసివేయకూడదు అని చెప్పాడు.

నిర్బంధ విద్యను మరికొంతకాలం ఆపుదామని అన్నవారికి మాత్రం ఆయన ఇచ్చిన జవాబు కటువుగా, ముందుచూపుతో ఉంది. దాని సారాంశం ఇది: ఈ రాష్ట్రాన్ని ఏలిన పాత పెద్దలకు ఒకనాడు అధికారం తప్పక మళ్లీ వస్తుంది. డబ్బూ చదువూ వారి దగ్గర ఉన్నాయి. వారు వచ్చాక ఇటువంటి చట్టం ఎన్నటికీ చేయరు, ఎందుకంటే వారి బలం ప్రజల అజ్ఞానం మీద నిలబడి ఉంది. కాబట్టి మన చేతిలో ఉన్నప్పుడే ఈ పునాది వేసేద్దాం.

ఈ మాటను ప్రియ పాఠకులు ఒక్క క్షణం నిలిచి ఆలోచించాలి. సభలో తనవారిదే మెజారిటీ. దేశ సైన్యం అండగా ఉంది. అంతటి గెలుపు నడిమధ్య నిలబడి ఆయన తమ ఓటమిని ముందే చూశాడు. చూసి భయపడలేదు, ఓడిపోయేవారికి పని ఎందుకని చేతులు ముడుచుకోలేదు. అధికారం పోయినా మిగిలేది ఏది అని అడిగి, దాని కోసం పనిచేశాడు. ఆయన ఆ తరువాత చేసిన పనులన్నిటినీ ఈ దృష్టితోనే చూడాలి.

భూమి విషయంలోనూ ఆయనది ఇదే ఆలోచన. అప్పుల్లో మునిగిన ఎస్టేటు యజమానుల భూములు వేలానికి పోకుండా గడువు ఇవ్వాలని సభలో ప్రతిపాదన వచ్చింది. కార్డోజో ఎదిరించాడు. పెద్ద ఎస్టేట్లే బానిసత్వానికి కోటలని, అవి చిన్న చిన్న ముక్కలై పేదల చేతికి రాకపోతే విడుదల పేరుకే మిగులుతుందని వాదించాడు.

ఖజానా తాళం చేతిలో

కొత్త రాజ్యాంగం కింద 1868లో జరిగిన ఎన్నికల్లో ఆయన సౌత్ కరోలినా రాష్ట్ర కార్యదర్శి అయ్యాడు. రాష్ట్ర ముద్ర, దస్తావేజులు కాపాడే పదవి అది. 1872 నుండి రాష్ట్ర కోశాధికారి.

ఆ రోజుల్లో ఆ రాష్ట్ర ప్రభుత్వంలో అవినీతి నిజంగానే ఉంది. దాన్ని దాచవలసిన పనిలేదు. పేదలకు భూమి అమ్మడానికి 1869లో ఏర్పడిన భూ కమిషన్ అందుకు ఒక ఉదాహరణ. పనికిరాని నేలను ఎక్కువ ధరకు కొని కొందరు లాభపడ్డారు. 1872లో ఆ శాఖను కార్డోజో చేతికిచ్చారు. ఆయన లెక్కలు సరిచేసి, దాన్ని దారిలో పెట్టాడు. ఆ పథకం ద్వారా వేలాది నల్లజాతి కుటుంబాలు సొంత భూమి మీద స్థిరపడ్డాయి. అలా ఏర్పడిన ఒక పల్లెకు ప్రజలు పెట్టుకొన్న పేరు 'ప్రామిస్డ్ ల్యాండ్', అంటే వాగ్దాన దేశం. ఆ పేరు ఎక్కడినుండి వచ్చిందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

కోశాధికారిగా ఆయన పద్ధతి సంఘాల్లో లెక్కలు రాసే మన సహోదరులకు సులభంగా అర్థమవుతుంది. చట్టం ఏ ఖర్చుకు కేటాయించిన సొమ్మును ఆ ఖర్చుకే వాడాలి, స్నేహితుడు అడిగినా సరే. దీంతో సొంత పార్టీలోనే శత్రువులు తయారయ్యారు. 1875లో వారే ఆయన్ను పదవి నుండి తొలగించాలని శాసనసభలో ప్రయత్నించారు. గవర్నర్ డేనియల్ ఛేంబర్లిన్ ఆయన నిజాయితీకి అండగా నిలిచాడు. ఆ ప్రయత్నం వీగిపోయింది.

ఈ మధ్యలో బడులు పెరిగాయి. 1876 నాటికి ఆ రాష్ట్రపు ప్రభుత్వ బడుల్లో నల్లవారు, తెల్లవారు కలిపి లక్షకు పైగా పిల్లలు చదువుతున్నారు. పదేళ్ల కిందట అక్కడ అందరికీ తెరిచి ఉండే బడుల వ్యవస్థ అంటూ లేదు. ఈ చట్టం వల్ల నల్లవారికే కాదు, ఎన్నడూ బడి ముఖం చూడని పేద తెల్లవారి పిల్లలకూ చదువు దొరికింది. 1873లో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మొదటి నల్లజాతి విద్యార్థి చేరాడు. నిరసనగా కొందరు అధ్యాపకులు రాజీనామా చేశారు. అయినా తలుపు మూయలేదు.

పడిపోయిన రోజు

1868లో ఆయన చెప్పినట్టే జరిగింది. 1876 ఎన్నికలు బెదిరింపుల మధ్య, నెత్తురు మధ్య నడిచాయి. ఎర్ర చొక్కాలు వేసుకొన్న సాయుధ దళాలు ఊరూరా తిరిగాయి. మాజీ బానిసలు ఓటు వేయకుండా భయపెట్టాయి. రెండు పక్షాలూ తామే గెలిచామన్నాయి. 1877 ఏప్రిల్‌లో అధ్యక్షుడు హేస్ సైన్యాన్ని రాష్ట్ర రాజభవనం నుండి వెనక్కి తీసుకోగానే పాత యజమానుల నాయకుడు, యుద్ధంలో సేనాధిపతిగా పనిచేసిన వేడ్ హాంప్టన్ గవర్నర్ పీఠం ఎక్కాడు. కార్డోజో పదవి వదులుకోవలసి వచ్చింది.

అంతటితో ఆగలేదు. పోయిన ప్రభుత్వమంతా దొంగల ముఠా అని లోకానికి చూపించడం కొత్త పాలకులకు అవసరం. అందుకు కొందరిని ఎంచుకొని విచారణ జరిపారు. కార్డోజో, కాంగ్రెస్ సభ్యుడైన రాబర్ట్ స్మాల్స్ వారిలో ఉన్నారు. 1877 నవంబరులో రాష్ట్రాన్ని మోసగించే కుట్రలో భాగస్వామి అని కార్డోజోకు రెండేళ్ల శిక్ష వేశారు. కొన్ని నెలలు జైలులో ఉన్నాడు. 1879లో గవర్నర్ సింప్సన్ క్షమాభిక్ష ఇచ్చాడు. ఎన్నికల హింసకు సంబంధించి తెల్లవారి మీద ఉన్న కేంద్ర ప్రభుత్వ కేసులను వదులుకోవడమూ ఈ సర్దుబాటులో భాగమే.

ఈ విచారణ రాజకీయ కక్షతో జరిగినదని, ఆయన తప్పుచేశాడనడానికి చూపిన ఆధారం బలహీనమని తరువాతి చరిత్రకారుల్లో చాలామంది తేల్చారు. కాని ఆ రోజున ఆయన భార్యకు, పిల్లలకు, ఆయన చదువు చెప్పిన వెయ్యిమందికి కనిపించినది చరిత్రకారుల తీర్పు కాదు, జైలు తలుపు. ఒకప్పుడు ధాన్యాగారాల మీద అధికారి అయిన యోసేపు కథలో చెరసాల ముందు, పదవి తరువాత. కార్డోజో కథలో పదవి ముందు, చెరసాల తరువాత. ఆ తరువాత ఆయన్ను పిలిచి సింహాసనం పక్కన కూర్చోబెట్టిన రాజు ఎవరూ లేడు.

మళ్లీ బడికే

నలభై ఏళ్లు దాటిన వయసులో, పేరు పోయి, ఊరు విడిచి, కార్డోజో వాషింగ్టన్ నగరం చేరాడు. కొన్నేళ్లు కేంద్ర ఖజానా శాఖలో గుమాస్తాగా పనిచేశాడు. ఒక రాష్ట్ర ఖజానాకు అధిపతి అయినవాడికి అది చిన్న కుర్చీయే. 1884లో నగరంలోని నల్లజాతి పిల్లల ఉన్నత పాఠశాలకు ప్రిన్సిపల్‌గా పిలిచారు. వెళ్లాడు. పన్నెండేళ్లు ఆ బడిలోనే ఉన్నాడు.

1891లో ఆ బడి ఎం స్ట్రీట్‌లోని కొత్త భవనంలోకి మారింది. లాటిన్‌తో పాటు వ్యాపార విద్యను కూడా కార్డోజో అక్కడ ప్రవేశపెట్టాడు. కళాశాలకు వెళ్లగలిగేవాడికి కళాశాల చదువు, వెంటనే సంపాదించవలసినవాడికి లెక్కలూ పద్దులూ. ఏ పిల్లవాడినీ ఒకే గాటన కట్టలేదు. బానిసగా పుట్టి, తరువాత గొప్ప విద్యావేత్తగా పేరుపొందిన ఆనా జూలియా కూపర్ అక్కడ ఉపాధ్యాయురాలిగా చేరింది ఆయన కాలంలోనే. ఆ బడి తరువాతి కాలంలో డన్‌బార్ హైస్కూల్‌గా మారి, అమెరికాలోని అత్యుత్తమ నల్లజాతి పాఠశాలల్లో ఒకటని పేరు తెచ్చుకొంది.

కార్డోజో 1903లో కన్నుమూశాడు. 1928లో వాషింగ్టన్‌లోని ఒక వ్యాపార విద్యా ఉన్నత పాఠశాలకు ఆయన పేరు పెట్టారు.

ఏది పోయింది, ఏది మిగిలింది

ఆయన చనిపోయేనాటికి ఆయన రాసిన రాజ్యాంగం లేదు. 1895లో సౌత్ కరోలినా కొత్త రాజ్యాంగం రాసుకొని, తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేరువేరు బడులుండాలని అందులో పెట్టింది. నల్లవారి ఓటును దాదాపు తుడిచేసింది. రాష్ట్ర విశ్వవిద్యాలయం 1877లో మూతపడి, తిరిగి తెరిచినప్పుడు తెల్లవారికే తెరిచింది. నల్లజాతి విద్యార్థులు మళ్లీ అందులో అడుగుపెట్టడానికి 1963 వరకు ఆగవలసి వచ్చింది. పైపైన చూస్తే కార్డోజో ప్రజాసేవ అంతా నీళ్లపాలయినట్టే.

కాని బుల్ స్ట్రీట్‌లోని బడి మిగిలింది. ఏవరీ నార్మల్ ఇన్‌స్టిట్యూట్ 1954 వరకు ఉపాధ్యాయులను తయారుచేస్తూనే ఉంది. 1916లో అక్కడ చదువు ముగించిన సెప్టిమా క్లార్క్ అనే యువతి ఉపాధ్యాయురాలయింది. చదువురాని పెద్దలకు అక్షరాలు నేర్పి ఓటర్లుగా నమోదు చేయించే పౌరసత్వ పాఠశాలలను 1950లలో నిలబెట్టినవారిలో ఆమె ముందు వరుసలో ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ నడిపిన ఉద్యమం ఆ పాఠశాలలను దక్షిణాది అంతటా విస్తరింపజేసింది. మాంట్‌గోమరీ బస్సులో సీటు వదలనని కూర్చొన్న రోజా పార్క్స్ అంతకు కొన్ని నెలల ముందు హాజరైన శిక్షణ శిబిరంలో బోధించింది ఈ సెప్టిమా క్లార్కే.

మరొకటి కూడా మిగిలింది. బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కలిసి ఉన్న కేసుల్లో ఒకటి సౌత్ కరోలినాలోని క్లారెండన్ కౌంటీ నుండి వచ్చింది. అక్కడి తల్లిదండ్రులు మొదట అడిగింది పిల్లలు దూరం నడవలేకపోతున్నారు, ఒక బస్సు ఇప్పించమని. వారిని కూడగట్టి నడిపించిన జోసెఫ్ డిలెయిన్ ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘ కాపరి, బడిపంతులు కూడా. కార్డోజో 1868లో ఏ తలుపు తెరిచి ఉంచమన్నాడో, ఎనభై ఆరేళ్ల తరువాత అదే తలుపును అదే రాష్ట్రపు ప్రజలు, ఒక కాపరి వెంట, మళ్లీ తట్టి తెరిపించారు.

మన సంఘాలకు

పరిచర్యను మనం చాలాసార్లు ప్రసంగ పీఠం వెడల్పుకు కుదించి చూస్తాం. తెలుగు నేల మీద మన పెద్దల అనుభవం అది కాదు. ఎన్నో పల్లెల్లో పగలు పలక పట్టించిన పంతులే సాయంత్రం ప్రార్థన నడిపించిన ఉపదేశి. వేరే బడి గుమ్మం తొక్కనివ్వని కుటుంబాల్లో మొదటి అక్షరం మిషన్ బడిలోనే పడింది. ఆ ఇళ్ల నుండి వచ్చిన మనం, బడికి వెళ్లిన సేవకుణ్ణి సేవ వదిలేశాడని అనకూడదు.

పదవి విషయంలోనూ కార్డోజో మనకు రెండు మాటలు నేర్పుతున్నాడు. మొదటిది: అధికారం చేతిలో ఉన్నప్పుడు, అది పోయాక కూడా నిలిచే పని ఏదో అది ముందు చేయాలి. సంఘ కమిటీలో మూడేళ్లు ఉండబోయే పెద్దలకూ, పంచాయతీలో ఐదేళ్లు కూర్చోబోయే సభ్యురాలికీ ఈ మాట ఒకటే. కట్టించిన ఆర్చి మీద పేరు కంటే చదివించిన ఒక ఆడపిల్ల ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండవది: లెక్క నిటారుగా ఉంచినంత మాత్రాన నింద రాదని ఎవరూ మాటివ్వలేరు. నింద వచ్చినవాడు దోషో కాదో తేలకముందే సంఘం వేలివేస్తే, నమ్మకంగా పనిచేయదలచిన తరువాతివాడు ముందుకు రాడు.

ఖజానా తాళాలు లాక్కొన్నవారు కార్డోజో చేతిలోనుండి సుద్దముక్కను మాత్రం లాక్కోలేకపోయారు. జూన్‌లో బడులు తెరుచుకొంటాయి. మన సంఘాల్లో ఫీజు కట్టలేక ఆగిపోయిన పిల్లలు ఎంతమందో, ఆదివారం కానుకల లెక్క చదివేటప్పుడు ఆ లెక్క కూడా చదువుదాం. మన మధ్య ఉన్న బడిపంతుళ్లను ఒక ఆదివారం ముందుకు పిలిచి, కాపరుల కోసం ప్రార్థించినట్టే వారి కోసమూ ప్రార్థిద్దాం.